సైకిలు మాన్పించమంటారా, అయ్యగారూ?

సంక్రాంతి వెళ్ళిన తరువాతి ఆదివారం ఆరాధన ముగిసింది. అందరూ వందనాలు చెప్పి వెళ్ళిపోతుండగా, మా సంఘంలో ఒక తండ్రి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. కౌలురైతు. ఆయనకు ఒక్కతే ఆడపిల్ల, తొమ్మిదో తరగతి. ఊరి నుండి హైస్కూలు నాలుగు కిలోమీటర్లు. రోజూ సైకిలు మీద వెళ్ళి వస్తుంది.

"అయ్యగారూ, మొన్న పక్క ఊరి పిల్లవాడిని లారీ గుద్దిందంట. ప్రాణం దక్కింది గాని కాలు విరిగింది. అప్పటి నుండి వాళ్ళమ్మకు నిద్ర లేదు. పాపను సైకిలు మాన్పించమంటారా? మా అన్నగారబ్బాయి మోటారుసైకిలు మీద కాలేజీకి వెళ్తాడు. వాడి వెనకాల ఎక్కించి పంపుదామని చూస్తున్నాం."

ఆ అబ్బాయి బండి నాకు తెలుసు. ఇప్పటికే దాని మీద ముగ్గురు పోతుంటారు. హెల్మెట్ ఒక్కరికీ లేదు. అయినా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "వచ్చే ఆదివారం చెబుతానయ్యా, ప్రార్థన చేద్దాం" అని పంపించాను.

నేను జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఉంది. ఆరేళ్ళ క్రితం ఒక రాత్రి గృహ కూడిక ముగించుకొని సైకిలు మీద ఇంటికి వస్తుంటే వెనుక నుండి మోటారుసైకిలు గుద్దింది. భుజం ఎముక విరిగింది. రెండు నెలలు చెయ్యి మెడకు కట్టుకొని ప్రసంగాలు చేశాను. ఆ తరువాత నా సైకిలు పంచలో మేకుకు వేలాడింది. నేనూ మోటారుసైకిలు కొన్నాను. నాలుగేళ్ళు తిరిగేసరికి పొట్ట వచ్చింది, షుగరు వచ్చింది. "రోజూ అరగంట నడవండి, లేదా సైకిలు తొక్కండి" అని డాక్టరుగారు చెప్పారు. సైకిలు కిందికి దించబోతే మా ఇంట్లో ఆమె, "మీ భుజం సంగతి మరిచిపోయారా?" అని అడ్డుపడింది. కాబట్టి ఆ తండ్రి అడిగిన ప్రశ్న మా ఇంట్లోనూ రెండేళ్ళుగా ఉన్నదే.

ఆ రాత్రి సంఘం సమాధుల రిజిస్టరు తీసి తిరగేశాను. పాదిరి ఉద్యోగంలో ఇది మాకున్న విచారకరమైన సౌకర్యం, ఎవరు ఎలా పోయారో మా దగ్గర రాసి ఉంటుంది. గుండెపోటు, పక్షవాతం, షుగరుతో మూత్రపిండాలు చెడిపోవడం, ఇవే ఎక్కువ. పాముకాటు ఉంది. కాలువలో పడిన పిల్లలున్నారు. మోటారుసైకిలు మీద పోయిన యువకుల పేర్లు చదువుతుంటే చెయ్యి ఆగిపోయింది. సైకిలు మీద పోయినవారు ఒకే ఒక్కరు. ఒక సంఘం రిజిస్టరుతో లోకమంతటినీ కొలవకూడదని నాకు తెలుసు. అందుకే, "మూడు రోజులు సైకిలు మీద వెళ్ళి నా కళ్ళతో చూచి వస్తాను, ఆ తరువాత నీవు ఏమన్నా వింటాను" అని మా ఇంట్లో ఆమెను ఒప్పించాను. తెనాలి నుండి రేపల్లె, రేపల్లె నుండి బాపట్ల, బాపట్ల నుండి పొన్నూరు మీదుగా మళ్ళీ తెనాలి, మొత్తం సుమారు 120 కిలోమీటర్లు. రేపల్లెలోను, బాపట్లలోను తోటి సేవకులున్నారు గనుక రాత్రి బసకు ఇబ్బంది లేదు.

తెనాలి నుండి రేపల్లెకు

సోమవారం తెల్లవారకముందే బయలుదేరుదామనుకున్నాను. మంచు చూచి ఆగిపోయాను. జనవరి మంచులో మన డెల్టా రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. పది గజాల దూరంలో ఉన్న మనిషి కూడా కనబడడు. ఎండ వచ్చేదాకా కూర్చుని ఎనిమిదిన్నరకు కదిలాను. ఆ రోజు నేను చేసిన పనుల్లో అన్నిటికంటే తెలివైనది అదేనని తరువాత అనిపించింది.

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. ఊరి మధ్యగా మూడు కాలువలు పారతాయి. వాటి వంతెనల మీద ఆటోలు, బస్సులు, బండ్లు, పూలబుట్టలు, మనుషులు అన్నీ ఒకేసారి దాటాలి. చూడడానికి అక్కడే ఎక్కువ భయం వేస్తుంది. నాకూ అరచేతులు చెమట పట్టాయి. కాని గమనిస్తే అక్కడ ఏ వాహనమూ పరుగెత్తడం లేదు. ఒకరినొకరు తోసుకుంటారు, హారన్లు కొడతారు, తిట్టుకుంటారు, అయినా అందరూ నెమ్మదిగానే పోతారు. తగిలినా మోకాలు చర్మం లేస్తుంది గాని ప్రాణం పోవడం అరుదు.

ఊరు దాటి వేమూరు రోడ్డు ఎక్కాక మనసుకు హాయి అనిపించింది. రెండు వైపులా మినుము చేలు, మొక్కజొన్న, తాడిచెట్లు. రోడ్డు ఖాళీ. అయితే వాహనాలు వేగం పెంచేది ఇలాంటి ఖాళీ రోడ్డు మీదే. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటుతుంది. మనం "అమ్మో" అనేలోగా మీద పడుతుంది. వేగం రెండింతలైతే దెబ్బలోని బలం నాలుగింతలవుతుంది. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం తగిలినవారిలో ఎక్కువమంది బతుకుతారు. 80తో తగిలితే బతికి బట్టకట్టడం కష్టం. రద్దీ చూచి భయపడతాం, ఖాళీ రోడ్డు చూచి సంతోషిస్తాం. మన భయం చోటు తప్పింది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలు కూడా అదే చెబుతున్నాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. వారిలో నూటికి 71 మంది మరణానికి కారణం మితిమీరిన వేగం. చనిపోయినవారిలో మోటారుసైకిళ్ళు, స్కూటర్ల మీద ఉన్నవారు 74,897 మంది. నడిచి వెళ్తున్నవారు 32,825 మంది. సైకిలువారు నూటికి సుమారు ముగ్గురు.

భట్టిప్రోలు దగ్గరకు వచ్చేసరికి ఇంకొక సంగతి కంటబడింది. బౌద్ధస్తూపంతో పేరుపొందిన ఊరు అది. ఆ దారిలో రోడ్డుకు ఒక పక్కంతా ధాన్యం ఆరబోశారు. ధాన్యం మీదికి వాహనాలు రాకుండా అంచున పెద్ద రాళ్ళు పేర్చారు. రైతు కష్టం నాకు తెలుసు. కళ్ళం లేదు, తేమ ఎక్కువుంటే ధర రాదు. కాని సైకిలువాడు ఆ రాళ్ళను తప్పించుకోవడానికి రోడ్డు మధ్యకు రావాలి. పగలైతే సరే. చీకటి పడ్డాక ఆ నల్లని బరకాలు, రాళ్ళు ఎవరికి కనబడతాయి? ధాన్యం ఎత్తుకుపోయాక కూడా రాళ్ళు అక్కడే పడి ఉన్న చోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి విసిగి మానేశాను. సైకిలు మీద దిగి కొన్నిటిని పక్కకు దొర్లించాను. మా సంఘంలో ఎందరు రైతులు ఇలాగే చేస్తున్నారో తలచుకుంటే సిగ్గనిపించింది. ఇంతవరకు ఏ ప్రసంగంలోనూ నేను ఆ మాట ఎత్తలేదు.

రేపల్లెలో ఒక రాత్రి

మధ్యాహ్నానికి రేపల్లె చేరాను. సాయంత్రం అక్కడి సేవకుడు తన మోటారుసైకిలు మీద నన్ను పెనుమూడి వైపు ఒక ఇంట ప్రార్థనకు తీసుకొని వెళ్ళారు. పూర్వం అక్కడ కృష్ణ దాటాలంటే పడవే గతి. ఇప్పుడు పెనుమూడి, పులిగడ్డల మధ్య వంతెన ఉంది. 216వ నంబరు జాతీయ రహదారి ఆ వంతెన మీదుగా రేపల్లె వచ్చి, చెరుకుపల్లి, కర్లపాలెం దాటి బాపట్లకు పోతుంది. దానితో లారీలూ వచ్చాయి.

ప్రార్థన ముగించుకొని రాత్రి తొమ్మిదింటికి తిరిగి వస్తున్నాం. ఎదురుగా వచ్చిన లారీ దీపాలకు కళ్ళు చెదిరాయి. అది దాటిపోగానే మా ముందు ఏదో నల్లగా కదిలింది. ఆయన బ్రేకు తొక్కారు. బండి జారి ఆగింది. మూరెడు దూరంలో సైకిలు, దాని క్యారేజి మీద గడ్డిమోపు, తొక్కుతున్నది ముసలాయన. దీపం లేదు. వెనుక రేడియం బిళ్ళ ఉన్నా గడ్డిమోపు కింద కనబడదు. ఆయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూచి, "ఏంటయ్యా, కళ్ళు కనపడవా?" అని గద్దించి తన దారిన పోయాడు.

మా ఇద్దరికీ మాట రాలేదు. ఆరేళ్ళుగా నేను నన్ను గుద్దిన కుర్రవాడిని తప్పుపడుతూ వచ్చాను. సాక్ష్యం చెప్పినప్పుడల్లా "కళ్ళు మూసుకొని నడిపాడు" అని చెప్పాను. ఆ రాత్రి నా సైకిలుకు కూడా దీపం లేదు. నల్ల ప్యాంటు, బూడిదరంగు చొక్కా వేసుకున్నాను. ఆ కుర్రవాడికి నేను ఎలా కనబడి ఉంటానో మొదటిసారి ఈ బండి మీద కూర్చుని తెలుసుకున్నాను. అతని తప్పు లేదని కాదు, అతను వేగంగానే వచ్చాడు. కాని సగం తప్పు నాది. దాన్ని ఒప్పుకోకుండా మొత్తం సైకిలు మీదికి నెట్టి, దాన్ని మేకుకు వేలాడదీశాను.

రేపల్లె నుండి బాపట్లకు

మంగళవారం రహదారి మీదే ప్రయాణం. నలభై కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు అంచున తెల్లగీతకు అవతల మార్జిను మీద వెళ్తుంటే, లారీ దాటినప్పుడల్లా గాలికి సైకిలు ఊగింది. దారి పొడుగునా ఆలోచిస్తూ వచ్చాను.

సైకిలువారు నూటికి ముగ్గురే పోతున్నారంటే సైకిలు క్షేమమని అర్థమా? అలా అనలేం. ఇప్పుడు రోడ్డు మీద సైకిళ్ళు తగ్గిపోయాయి, మోటారుసైకిళ్ళు పెరిగాయి. సైకిలువాడి ఒంటికి ఇనుప కవచం లేదు. బస్సులో కూర్చున్నవాడితో పోలిస్తే, వెళ్ళిన ప్రతి కిలోమీటరుకూ అతనికి ప్రమాదం ఎక్కువే. నేను దాన్ని దాచను. అయితే మన ప్రశ్న అది కాదు. సైకిలు మానేసి ఏం చేస్తాం అన్నదే ప్రశ్న. మంచి బస్సు ఉంటే ఎక్కించండి, నాకు అభ్యంతరం లేదు. కాని సైకిలు మాన్పించి, హెల్మెట్ లేకుండా నలుగురెక్కిన మోటారుసైకిలు మీదికో, మనుషులు వేలాడే ఆటోలోకో పంపితే పెనం మీద నుండి పొయ్యిలో పడినట్టే. 2022లో హెల్మెట్ పెట్టుకోక చనిపోయినవారు మన దేశంలో 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. నడిపేవారితో పాటు వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఉండాలని, ఒక్కరికి మించి వెనుక ఎక్కించకూడదని చట్టం చెబుతూనే ఉంది.

మిగతా అపాయాలతో కూడా పోల్చి చూడండి. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని పరిశోధకులు లెక్కగట్టారు. సైకిలు ప్రమాదాలతో పోయేవారి కంటే ఇది పదింతలకు పైగా ఎక్కువ. మన ఆంధ్రలో కూడా ఆ మరణాలు ఎక్కువే. నీళ్ళలో మునిగి 2022లో 38 వేలకు పైగా పోయారు. ఇక గుండెజబ్బులు, పక్షవాతం కలిపితే దేశంలో ప్రతి నాలుగు చావుల్లో ఒకటికి పైగా వాటివే. షుగరు ఉన్నవారు 10 కోట్ల పైన అని 2023లో తేలింది.

పాము భయానికి పొలం మానుకున్న రైతును నేను చూడలేదు. రాత్రి నీళ్ళు పెట్టడానికి వెళ్తే టార్చిలైటు తీసుకొని వెళ్తాడు, కర్రతో నేలకొట్టుకుంటూ నడుస్తాడు. కాలువ ఉందని ఎవరూ ఊరు విడిచిపోలేదు. సైకిలు విషయంలో మాత్రం దీపం పెట్టం, సైకిలునే తీసేస్తాం.

తీసేస్తే పోయేది చిన్నది కాదు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో ఒక లెక్క వేశారు. చిన్న దూరాలకు కారు మాని సైకిలు ఎక్కితే వ్యాయామం వలన మనిషి ఆయుష్షు 3 నుండి 14 నెలలు పెరుగుతుంది. ప్రమాదాల వలన తగ్గేది 5 నుండి 9 రోజులు. పొగ వలన తగ్గేది ఎంత ఎక్కువ వేసుకున్నా 40 రోజులు. అక్కడ సైకిళ్ళకు వేరే దారులున్నాయి గనుక మనకు నష్టం ఇంకా ఎక్కువ ఉంటుంది. అయినా తక్కెడ ఎటు మొగ్గుతుందో తెలుస్తూనే ఉంది.

ఆ దారులు వారికి ఊరికే రాలేదు. నెదర్లాండ్స్ కూడా మనలాగే నదీముఖాన ఉన్న చదునైన దేశం. 1971లో అక్కడ రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. ఆ మరుసటి ఏడాది తల్లిదండ్రులు "పిల్లల హత్య ఆపండి" అంటూ ఉద్యమం మొదలుపెట్టారు. పిల్లల సైకిళ్ళు లాక్కోలేదు, రోడ్లను మార్చమని వీధిలోకి వచ్చారు. ఇప్పుడు అక్కడ రోడ్డు మరణాలు ఏటా 700 దరిదాపుల్లో ఉన్నాయి. వారిలో సైకిలువారు, ముఖ్యంగా ముసలివారు, ఇప్పటికీ చాలామందే. ఎక్కడా అపాయం బొత్తిగా పోదు.

బాపట్లలో పెద్దాయన చెప్పినది

ఆ సాయంత్రం బాపట్లలో ఒక వృద్ధ సంఘపెద్ద ఇంట్లో కూర్చున్నాం. నేను వచ్చిన పని విని ఆయన నవ్వాడు. "మీరు సైకిలు గురించి భయపడుతున్నారు. మేము ఉప్పెన చూచినవాళ్ళం" అన్నాడు.

1977 నవంబరు 19. దివిసీమను సముద్రం మింగిన రోజు. అధికారిక లెక్క ప్రకారమే పదివేల మంది పోయారు. ఈ బాపట్లలో గాలికి జడిసి ఒక చర్చిలో తలదాచుకున్నవారి మీద ఆ కట్టడమే కూలి అనేకులు చనిపోయారు. గట్టిదని నమ్మి వెళ్ళిన చోటే వారికి సమాధి అయింది. ఆ మాట చెబుతూ పెద్దాయన కాసేపు ఆగిపోయాడు.

"అయినా మేము సముద్రం ఒడ్డు వదిలిపోలేదయ్యా. పోతే తిండేది? రేడియో వినడం నేర్చుకున్నాం. తుపాను షెల్టర్లు కట్టారు. బయలుదేరమంటే బయలుదేరడం నేర్చుకున్నాం" అన్నాడు. నిజమే. 1990 మేలో అంతటి పెద్ద తుపానే మళ్ళీ ఈ తీరాన్ని కొట్టింది. ముందుగా లక్షకు పైగా జనాన్ని తరలించినందున చావులు సుమారు వెయ్యి దగ్గర ఆగాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను ఈ బాపట్ల దగ్గరే తీరం దాటింది. పంట పోయింది గాని జనం మిగిలారు. సముద్రం మారలేదు, గాలి మారలేదు. మనం సిద్ధపడడం నేర్చుకున్నాం.

ఆ రాత్రి నాకు నిద్రకు ముందు ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దేవదూతలు పట్టుకుంటారు దూకమని శోధకుడు చెప్పినప్పుడు మన ప్రభువు దూకలేదు. దీపం లేకుండా రాత్రి రోడ్డెక్కి, "ప్రభువు కాపాడతాడు" అనడం విశ్వాసం కాదు. నేను అదే చేశాను. అలాగని శోధనకు భయపడి ఆయన ఇంట్లో కూర్చోలేదు. మురికిదారుల వెంట ఊరూరా నడిచాడు.

ఆదివారం

బుధవారం పొన్నూరు మీదుగా తెనాలికి వచ్చి, అక్కడి బజారులో ఎర్ర రేడియం స్టిక్కరు చుట్ట ఒకటి కొనుక్కొని ఇంటికి చేరాను. శనివారం మా యువకులు సంఘంలోని సైకిళ్ళన్నిటికీ వెనుక మడ్‌గార్డుకు, పెడళ్ళకు అంటించారు. ట్రాక్టరు ట్రక్కుల వెనుక కూడా అంటించారు. బ్రేకులు, బెల్లు చూశారు.

ఆదివారం ఆ తండ్రి మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అయ్యా, పాపకు ఏమీ జరగదని నేను మాట ఇవ్వలేను. అటువంటి మాట మోటారుసైకిలుకూ ఇవ్వలేను, ఇంట్లో కూర్చున్నా ఇవ్వలేను. సైకిలు మాన్పించవద్దు. దారి మార్చి చూద్దాం" అన్నాను.

సోమవారం ఆయన, నేను, పాప ముగ్గురం మూడు సైకిళ్ళ మీద బడికి వెళ్ళాం. పెద్దరోడ్డు వదిలి ఊరిలోపలి రోడ్డు పట్టుకుంటే అర కిలోమీటరు ఎక్కువ, పది నిమిషాలు ముందు బయలుదేరాలి. ఒక్కచోట మాత్రం పెద్దరోడ్డు దాటక తప్పదు. అక్కడ దిగి, నడిపించుకొని దాటమని తండ్రి నేర్పాడు. మంచు విడవకపోతే ఆగాలి. ఆలస్యమైతే మందలించవద్దని బడిలో నేనే అడిగి వచ్చాను. లారీకి ఎడమ పక్క ఎన్నడూ దూరకూడదు. చీకటి పడితే దీపం ఉండాలి. రైతులందరూ ఆరబోత రాళ్ళను అదే రోజు తీసెయ్యాలని ఆదివారం పీఠం మీద నుండే చెప్పాను. ఇద్దరు ముగ్గురికి కోపం వచ్చింది. రాళ్ళు మాత్రం లేచాయి.

పాపకు మాత్రం ఇంకొక అనుమానం మిగిలింది. "మరి మా అన్న బండి మీద హెల్మెట్ పెట్టుకోడు కదా, అయ్యగారూ. వాడికి ఎవరు చెప్తారు?" అని అడిగింది. ఆ పని ఇంకా నా మీద ఉంది. వచ్చే యువజన కూడికకు ఆ అబ్బాయిని పిలిచాను. వస్తానన్నాడు.

మా ఇంట్లో ఆమె నా సైకిలును మేకు మీదికి మళ్ళీ ఎక్కించలేదు. సాయంత్రం కూడికకు బయలుదేరుతుంటే నల్లచొక్కా తీసుకొని, తెల్లచొక్కా చేతికి ఇచ్చింది. ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో సైకిలు ఉంటే ఈ సాయంత్రం ఒక్కసారి దాని వెనుక నిలబడి చూడండి. చీకట్లో అది మీకు కనబడుతుందా? కనబడకపోతే, మిమ్మల్ని ప్రేమించేవారికి రావలసిన భయమే అది. ముందు దాన్ని తీర్చండి. ప్రభువు మీ రాకపోకలయందు మీకు తోడుగా ఉండును గాక.